గురుగుల పాఠం, మినుము సాళ్లు

ఎండిన నేలకు వానను, ఒంగిన నడుముకు బలాన్ని ఇచ్చే నా దేవునికి స్తోత్రం. ఆయన చేసిన మేలు ముందు చెప్పుకోకుండా నా తప్పు చెప్పుకోలేను.

క్రోసూరు పక్కన రెండెకరాల పత్తి కౌలుకు చేస్తున్నాం. పోయినేడు ముసురుకు చేలో దిగలేకపోయాం, కలుపు పత్తిని మింగేసింది. ఈ ఏడూ అదే జరిగితే కౌలు వదిలేసి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనికి పోతానని మా ఆయన తేల్చి చెప్పాడు. ఆయన అక్కడ, నేను ఇక్కడ. ఆ బతుకు నాకొద్దు. అందుకే పత్తి సాళ్ల మధ్య మినుము వేద్దామని పట్టుబట్టాను. మినుము ఆకు నేలను కప్పితే గడ్డికి ఎండ తగలదు.

"కప్పిందాకా చేత్తో పీకాలిగా. గడ్డిమందు కొడితే మినుమూ మాడిపోద్ది," అన్నాడు.

"పీకుతాం," అన్నాను.

మా చర్చి సంఘంలో ఆడవాళ్లం బదులు పనికి పోతాం. ఈవేళ నా చేలో, రేపు ఇంకొకరి చేలో. ఆ సోమవారం ఆరుగురం ప్రార్థన చేసుకుని కలుపుకు దిగాం. అందరికన్నా ముందుండాలని నేను గబగబా పీకుతూ పోయాను. రెండు సాళ్లు అయ్యాక, వెనకొస్తున్న, మా అందరికన్నా వయసులో పెద్దదైన పెద్దమ్మ నేను పడేసిన కుప్పను కెలికింది.

"ఏమే, పిల్లిపెసర అనుకొని మినుము పీకావేందే?"

చూస్తే నిజమే. పిల్లిపెసర కలుపే గానీ, లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకే తీరు.

"ఆదివారం పిల్లలకు గురుగుల పాఠం చెప్పేది నువ్వే గదా. గురుగులు పీకబోయి గోధుమలు పీకుతారని చెప్పాడా లేదా ప్రభువు?"

"చెప్పాడు పెద్దమ్మా."

"పిల్లలకేనా, నీక్కాదా?"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆ పాఠం చానా ఏళ్లుగా చెబుతున్నాను గానీ, పైరు పోద్దని గురుగుల కలుపు పీకనీయని అందులోని యజమాని భయం ఏందో ఆ పూటే తెలిసింది. పెద్దమ్మ పక్కన కూర్చుని రెండు మొక్కలు నా అరచేతిలో పెట్టింది. ఆకు పాయలుగా చీలి ఉంటే పిల్లిపెసర. నిండుగా, నూగుగా ఉంటే మినుము.

"కంటికి కాదు, వేళ్లకు తెలియాలి. నిదానంగా తడుము," అంది.

మధ్యాహ్నం ఆ రెండు సాళ్లలో అందరం కలిసి మళ్లీ గింజలు పెట్టాం. ఎవరూ విసుక్కోలేదు. మూడో రోజు దేవుడు జల్లు కురిపించాడు.

నెల తిరిగేసరికి మినుము నేలను కప్పింది. రెండో కలుపు ఒక్క పూటలో అయిపోయింది. మా ఆయన వంగి, ఆకులు పక్కకు తీసి కిందంతా చూశాడు.

"పత్తి తీసిందాకా ఎక్కడికీ పోనులే," అన్నాడు.

ఇంకా పూత నిలవాలి, పురుగు పడకూడదు, మా ఆయన మనసు ఈ నేల మీదే ఉండాలి. ఇది చదివే మీరు ఒక్క నిమిషం ఆగి, మాతో కలిసి ఈ మనవిని దేవుని ముందు పెట్టండి. ఆమేన్.