భూలక్ష్మి బూట్లకు పూజ

చరిత్ర పుస్తకాల నిండా రాజుల కిరీటాలే. కాళ్లకేం తొడిగారో రాసినవాడు నాకెక్కడా తగల్లేదు. సరే, భూలక్ష్మి బూట్ల సంగతి నేనే రాస్తాను.

ఇబ్రహీంపట్నం భూలక్ష్మి ఒకప్పుడు నాట్లు వేసేది. పొలాలన్నీ ప్లాట్లయ్యాక, కొత్త ఇళ్లలో టైల్స్ మీది సిమెంటు మరకలను యాసిడ్‌తో కడిగే పనిలో దిగింది. ఒకసారి చెప్పుల సందులో పడ్డ చుక్క మడమ మీద మచ్చ మిగిల్చింది. అప్పటినుంచి మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. కిటికీలు తెరవనిదే సీసా మూత తీయదు. ముందు బకెట్లో నీళ్లు, తర్వాతే యాసిడ్, అదీ మెల్లగా. ఆమె నడిచొస్తుంటే చంద్రుడి మీదికి బయల్దేరినట్టే ఉంటుంది.

అలాంటి మనిషి, మన్నెగూడలో ఒక కొత్త ఇంటిముందు బూట్లు విప్పేసింది! ఇంటావిడ అరుణకుమారిది కోస్తా. ముహూర్తం దాటిపోతుందని పని పూర్తికాకముందే పాలు పొంగించేశారు. గడపకు పసుపు, కుంకుమ. చెప్పులు విప్పాల్సిన గుమ్మాలు, విప్పకూడని గుమ్మాలు చాలా చూశాను. రెండూ ఒకే గుమ్మం కావడం అక్కడే.

"అయ్యో, బూట్లేసుకో భూలక్ష్మీ! కాళ్లు కాలిపోతాయి," అంది అరుణకుమారి.

"పూజైన ఇల్లమ్మా. బూట్లతోని ఎట్ల తొక్కుత? గంత పాపం నాకొద్దు."

"బొబ్బలెక్కితే దవాఖానకు నన్ను మొయ్యమంటవా? జర నీ బరువు సూస్కోయే!" అంది తోటి కూలి సునంద.

ఉపాయం కూడా సునందకే తోచింది. దసరాకు పారకూ తాపీకీ బొట్టు పెడతాం, బూట్లు మాత్రం పనిముట్లు కావా? ఇంటావిడ పళ్లెం తెచ్చింది. వాకిట్లోనే బూట్లకు పసుపు పూశారు, బొట్లు పెట్టారు. భూలక్ష్మి భక్తిగా దండం పెట్టింది. పెట్టి, అలాగే నిలబడిపోయింది.

"మల్ల ఏమైందే?" అంది సునంద.

"ఇప్పుడే మొక్కిన గద. మొక్కినదాంట్ల కాళ్లెట్ల పెడత?"

సునంద నెత్తి కొట్టుకుంది. అరుణకుమారి నవ్వాపుకోలేక అక్కడే చతికిలబడింది.

"దసరాకి మీ ఆయన ఆటోకి పూజ చేస్తాడా?"

"అవ్, నిమ్మకాయలు గూడ తొక్కిస్తడు."

"ఆ తర్వాత దాన్ని నడపడం మానేస్తాడా?"

"మానేస్తే ఎట్లమ్మా? నన్నుగూడ ఎక్కిచ్చుకొని సాగర్ రోడ్డంత తిప్పుతడు."

తన మాట తానే విని భూలక్ష్మి పకపకా నవ్వింది. ఒక్కో బూటునూ కళ్లకద్దుకుని తొడుక్కుంది.

లోపల యాసిడ్ నీళ్లు పడ్డచోటల్లా సిమెంటు బుసబుసా పొంగింది. చీపురు విసురుకు ఎగిరిన చుక్కలు సరిగ్గా బూటు ముక్కు మీద పడి, బొట్టును కరిగించుకుంటూ జారిపోయాయి.

"సునందా, బొట్టు పోయిందే!"

"వేళ్లున్నయా?"

భూలక్ష్మి బూటు లోపల వేళ్లు కదిలించి చూసుకుంది.

"ఉన్నయే! ఎగురుతున్నయ్ గూడ!"