నక్షత్రం కుదరని కంప్యూటర్

మా అక్క హైదరాబాదు పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఇంట్లోనే కూర్చుని పెళ్లిపత్రికలు కంపోజ్ చేస్తుంది. ముహూర్తాలకు వ్యతిరేకంగా ఇన్నేళ్లు వ్యాసాలు రాసి నేను ఆపలేకపోయిన పెళ్లిళ్లన్నీ ఆమె వేళ్ల మీదుగానే అచ్చుకు వెళ్తాయి. నా వ్యాసాలకు పారితోషికం రాదు. ఆమె ‘శుభముహూర్తమున’ అని కొడితే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకే అక్కడ టీ తాగుతున్నంతసేపు నా నాస్తికత్వం కాస్త మర్యాదగా ఉంటుంది.

పెళ్లిళ్ల సీజన్ ముందు, ఆమెకు పని ఇచ్చే, అక్కా అనడానికి ‘ఆపా’ అని పిలిచే ప్రెస్సు యజమాని ఫోన్ చేశాడు. ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ మారిందట. అది కొత్త ఆపరేటింగ్ సిస్టం మీదే నడుస్తుందట.

“సోమవారం దాకా చూస్తా ఆపా. తర్వాత పని వేరేటోళ్లకు ఇచ్చుడే. బురా నక్కో మానో, ఏమనుకోకు.”

అక్కకు వేరే ఆదాయం లేదు. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత అసలే లేదు. ఉన్నది బావ బతికుండగా కొన్నది. ఆదివారం పొద్దున్నే కొత్త సిస్టం ఎక్కించిన ఒక పెన్‌డ్రైవు, శాస్త్రీయ దృక్పథం వెంటబెట్టుకుని వెళ్లాను.

దుమ్ము దులిపి పెన్‌డ్రైవు పెట్టగానే తెర తీర్పు చెప్పింది: ఈ కంప్యూటర్‌కు అర్హత లేదు.

పని చేయలేదని కాదు. చేయించి చూస్తే కదా! ప్రాసెసర్ ఏ తరంలో పుట్టిందో అడిగింది, పాత తరమని తేలగానే తలుపు మూసేసింది. పుట్టుకను బట్టి యోగ్యత తేల్చడాన్ని ఎన్నో వేదికల మీద చీల్చి చెండాడినవాడిని. ఇప్పుడు అదే ఆచారం ఇంగ్లీషు మాట్లాడుతూ నా ఎదుట నిలబడింది. ఉపన్యాసం మొదలుపెట్టాను. తెర మీద ఒకటే మీట ఉంది: ‘మూసివేయి’. నా సభల్లో శ్రోతలకు ఆ సౌకర్యం కూడా ఉండదు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. “ఏందిరా లొల్లి? ఎవరితోని కొట్లాడుతున్నవ్?”

“పుట్టిన సంవత్సరం చూసి వద్దంటున్నది అక్కా. గిది న్యాయమేనా?”

“నా పెండ్లప్పుడు నక్షత్రం కుదరలేదంటే బాపు ఏం జేసిండు? నీ లెక్క వాదం పెట్టుకున్నడా? పంతులుకు జెప్పి వేరే జాతకం రాయించిండు. గట్ల ఏదన్న జెయ్యి.”

దానికీ మార్గం ఉంది. ఒక వీడియోలో చూపించారు. నల్ల తెర తెరిచి, ‘ఆ పరీక్ష పెట్టకు’ అని యంత్రానికి చెప్పే మాటలేవో అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. అక్కడే ఎందుకు కొట్టాలో, చివర ఒకటి అనే అంకె ఎందుకు పెట్టాలో ఆ వీడియోలో చెప్పలేదు. నేనూ అడగలేదు. పెదవులు కదుపుతూ కొట్టుకుంటూ పోయాను.

“అర్థం తెల్వకుండ మంత్రాలు చదువుడు మూఢనమ్మకమంటివి గదరా?”

“నడుమల మాట్లాడకు అక్కా. ఒక్క అక్షరం తప్పినా మళ్ల మొదటికొస్తది.”

“పంతులు గూడ గిదే అంటడు.”

దొంగ జాతకం పారింది. మధ్యాహ్నానికి కొత్త సిస్టం ఎక్కింది. చివర్లో మాత్రం ఒక హెచ్చరిక: ఈ కంప్యూటర్‌లో సక్రమంగా నడుస్తుందని హామీ ఇవ్వలేము. చదివి వినిపించాను.

“నా పెండ్లికి ఎవడిచ్చిండురా హామీ? జరుగు.”

ప్రెస్సువాళ్ల ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి, అక్క గిన్నెడు చిక్కుడుకాయలకు ఈనెలు తీసేంత సేపు పట్టింది. కానీ తెరుచుకుంది. ఆమె ఒక పత్రిక పంపింది. కాసేపటికి ఫోన్ మోగింది.

“ఆగయా ఆపా, వచ్చేసింది! ఇంక నాలుగు పంపుతున్న, రేపటికి కావాలె.”

అక్క ఫోన్ పెట్టేసింది. కొంగుతో కీబోర్డు తుడిచి నా వైపు చూసింది.

“నా కండ్లద్దాలు ఏడ వెట్టిన్నో! జర ప్రూఫు జూడు.”

కూర్చున్నాను. మిథున లగ్నంలో ఒత్తు ఎగిరిపోయింది. దిద్దాను.