టెంకాయ లేచిన చోటు

నవ్వించడమంటే కాయకష్టమని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. ఎంత చెమట కారితే అంత హాస్యం అని నా లెక్క. అప్పటికి కడపలో నాటకాల కోర్సులో చేరి ఏడాదైంది. ఎవరైనా అడిగితే మా నాయన "మావాడు పీజీ చేస్తాండాడు" అని అక్కడితో ఆపేసి, దేంట్లో అని అడిగేలోగా వాన సంగతి ఎత్తేవాడు. (మా వైపు వాన సంగతి ఎత్తితే ఇక ఆ పూటకు వేరే మాట రాదు. నా చదువు గుట్టు రెండేళ్లు అలా ఆకాశమే కాపాడింది.) ఆ ఏడాది మా సారు స్వయంగా రాసిన నాటకంలో నాకు హాస్యపాత్ర దొరికింది. పాత్ర పేరు పాతాళయ్య. బోరు వేయించే రైతుల పొలాల్లో అరచేతి మీద టెంకాయ పడుకోబెట్టుకుని తిరుగుతూ, అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నాయని చెప్పే మనిషి. ఆ చోటును పాయింటు అంటారు. నాటకంలో పాతాళయ్య పచ్చి మోసగాడు. చివరి రంగంలో రైతు ముందు మోకరిల్లి, అంతా అబద్ధమని ఒప్పుకుని ఏడుస్తాడు.

మొదటి రిహార్సల్లో నేను చేయనిది లేదు. కళ్లు తిప్పాను, నాలుక బయట పెట్టాను, టెంకాయ కాలి మీద పడేసుకుని ఒంటికాలితో గెంతాను, ఆవేశంలో రైతు వేషం వేసినవాడి మీద కూడా పడ్డాను. ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ మాత్రం మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మా సారుది ఆదోని వైపు. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడే రకం.

"ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు.

"కామెడీ సార్."

"పాతాళయ్య మనల్ని నవ్వించేదానికి రాలేదప్పా. నీళ్లు చూసేదానికి వచ్చినాడు. నవ్వే సంగతి మేము చూసుకుంటాం. నువ్వు నీళ్లు చూడు." అని, "వారం టైమిస్తాండా. మీ ఊరికి పోయి, నీళ్లు చూసేవాళ్లు ఎట్ల చూస్తారో నేర్చుకోని రా. రాకపోతే మైకుకిస్తా వేషం" అన్నాడు.

మైకు అంటే మా క్లాసులోనే ఉన్న ఒక గొంతు. దానికింద ఒక మనిషి కూడా ఉండేవాడు. నా డైలాగులన్నీ అప్పటికే నేర్చేసుకుని, నాకు జ్వరం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ రోజూ నా నుదుటి వైపు ప్రేమగా చూసేవాడు.

మా ఊరు రాయచోటికి దగ్గర. అక్కడ మా పెద్దనాయనకు రెండెకరాల చీనీ తోట ఉంది. (చీనీ అంటే బత్తాయే. మా దగ్గర బత్తాయి అని అడిగితే అంగడివాడు మనల్ని కొత్త మనిషి కింద జమకట్టి రేటు పెంచుతాడు.) ఆ తోటలో నీళ్లకంటే బోర్లు ఎక్కువ. మొత్తం ఐదు. వాటికి పాయింటు పెట్టినవాళ్ల పేర్లే ఉండేవి: వేపపుల్లాయన బోరు, పూనకమామె బోరు, నేలకు చెవి పెట్టి విన్నాయన బోరు, మిషనాయన బోరు. ఈ నాలుగూ ఎండిపోయాయి. ఐదోది రోజుకు గంటసేపు దగ్గి దగ్గి ఇన్ని నీళ్లు పోసేది. ఆ ఎండాకాలం చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. మా పెద్దమ్మ తుదిహెచ్చరిక చేసేసింది. "ఇంకొక్క బోరు. అంతే. అదీ ఎండితే చెట్లు కొట్టిచ్చేసేదే. మళ్లీ బోరని నోరెత్తితే నేను పుట్టింటికి పోతా." (పెద్దమ్మ పుట్టిల్లు అదే వీధిలో నాలుగిళ్ల అవతల. అయినా బెదిరింపు బెదిరింపే.) ఆ చెట్లను పెద్దనాయన బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్నాడు. అందుకని ఆరో బోరుకు పాయింటు ఎవరిచేత పెట్టించాలా అని నెల రోజులుగా నిద్ర లేకుండా ఉన్నాడు.

సరిగ్గా అలాంటి సమయంలో, బుద్ధి ఉన్నవాడెవడూ చేయని పని నేను చేశాను. "పెద్దనాయనా, టెంకాయతో నీళ్లు ఎట్ల చూస్తారో కొంచెం నేర్పియ్యి. నాటకానికి" అన్నాను. 'నాటకానికి' అన్న మాట నేను స్పష్టంగానే అన్నాను. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత ఎవరూ పెట్టుకోలేదు.

పెద్దనాయన ఎంతమందిని చూశాడంటే, నీళ్లు చూసేవాళ్ల విషయంలో ఆయన పెద్ద విమర్శకుడు. "వేపపుల్లాయన నడక బాగుండేది, పట్టు ల్యా. పూనకమామె గొంతు బాగుండేది, నడక ల్యా" అంటూ నన్ను తోటలోకి తీసుకెళ్లి, చెప్పులు విప్పించి, అరచేతిలో టెంకాయ పెట్టాడు. "టెంకాయ దిక్కు చూడొద్దు. దానికి సిగ్గు. నేల దిక్కు చూడు. జబ్బుమనిషిని ఎట్లుండావని పలకరించినట్ల చూడు. నిదానం. నీళ్లకేం తొందర ల్యా, తొందరంతా మనదే." ఏడాది కోర్సులో మా సారు చెప్పలేకపోయింది ఈయన రెండు నిమిషాల్లో చెప్పాడు. నేను నడిచాను. కళ్లు తిప్పలేదు. నాలుక బయట పెట్టలేదు. నేలను పలకరించాను. తోట మూలకు వచ్చేసరికి ఎడమ పాదంలో ఒక పల్లేరుకాయ, మూడు ముళ్లూ ఒకేసారి, ఎముక దాకా దిగింది. వారం కిందటైతే గెంతేవాడినే. కానీ సారు మాట గుర్తొచ్చింది. కేక మింగేశాను. ఊపిరి బిగబట్టి, మెల్లగా కళ్లు మూసుకుని, అలాగే నిలబడిపోయాను. నొప్పికి చేతివేళ్లు ముడుచుకున్నాయి. వేళ్లు ముడుచుకుంటే చేతిలోని టెంకాయ ఏం చేస్తుంది? లేచి నిలబడింది.

 పెద్దనాయన ఒక రాయి తెచ్చి నా పాదం పక్కన పెట్టాడు.

"పెద్దనాయనా, ముల్లు."

"నీ రక్తం ఏం గ్రూపురా?"

"ఓ పాజిటివ్. ముల్లు గుచ్చుకున్నాది పెద్దనాయనా!"

"నేను అనుకుంటానే ఉండా." (ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్లకే నీళ్లు పలుకుతాయని మా వైపు గట్టి నమ్మకం. దేశంలో మూడోవంతు మందికి అదే రక్తమని నేను తర్వాత ఎన్నిసార్లు చెప్పినా, "అందరూ చెప్పులు విప్పరు గదరా" అనేవాడు.)

నేను కింద కూర్చుని పాదంలోంచి పల్లేరుకాయ పీకి, సాక్ష్యంగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. "అందరికీ ఏదో ఒకటి అయితాది. వేపపుల్లాయనకు వెక్కిళ్లొచ్చె. మిషనాయనకు మిషన్ కూతబెట్టె. నీకు ముల్లు గుచ్చుకునె. ఇన్నాళ్లూ ఇంట్లో మనిషిని పెట్టుకోని ఊరంతా తిరిగితి."

ఇంట్లో పెద్దమ్మ నా పక్షమే. పక్షం అంటే, నన్ను తిట్టి నన్ను కాపాడే పక్షం. "ఇంటర్‌లో ఫిజిక్సు మూడుసార్లు తప్పినోని మాట ఇని ఉన్న ఒక్క బోరూ వేస్తావా?" అంది. "ఫిజిక్సు చదివిన మిషనాయన పెట్టిన పాయింటుకు దుమ్ము రాల్యా?" అన్నాడు పెద్దనాయన. దీనికి ఫిజిక్సు దగ్గర కూడా జవాబు ఉండదనుకుంటాను. మధ్యాహ్నం పెద్దనాయన దేవుని పటాల ముందు పెట్టిన ఆ టెంకాయను పెద్దమ్మ పగలగొట్టి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఊరిమిండి పచ్చడి నూరేసింది. సంగటి ముద్దలో దాన్ని పెద్దనాయన నంజుకున్నాడు. "తప్పు చేసినావు" అన్నాడు చివరికి. "ఇంకొంచెం వెయ్యి" అని కూడా అన్నాడు. కానీ రాయి రాయిగానే ఉంది. వచ్చే సోమవారానికి బోరు బండి మాట్లాడేశాడు.

నా నాటకం అంతకు ముందు శనివారం. అప్పుడు తట్టింది ఉపాయం. పాతాళయ్య మోసగాడు కదా! చివర్లో టెంకాయ అంతా బూటకమని నోటితో ఒప్పుకుంటాడు కదా! పెద్దనాయనను తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెడితే చాలు, చెట్లు బతికినా చచ్చినా నా నెత్తిన పడవు. "తీసకపోరా. కండ్లతో చూస్తేనన్నా బుద్ధి వస్తాది" అని పెద్దమ్మ, తనూ వస్తానంది.

కడపకు తిరిగొచ్చి రిహార్సల్లో పెద్దనాయన నేర్పినట్లు నడిచాను. ఏమీ చేయలేదు, నేలను పలకరించానంతే. మూడో అడుగుకు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. టెంకాయ లేచేసరికి క్లాసంతా పొట్టలు పట్టుకుంది. మైకు కూడా నవ్వాడు, నవ్వి బాధపడ్డాడు. సారు గొంతు మామూలుగా ఉంది. "యాడ నేర్చుకుంటివప్పా?" అన్నాడు. చెప్పాను. "మీ పెద్దనాయనకు నాటకాల మీద ఆసక్తి ఉండాదా?" అని అడిగాడు. ఒక్క నాటకం చూపిద్దామనే నా ప్రయత్నమంతా అన్నాను.

శనివారం సాయంత్రం పెద్దనాయన ఉతికిన పంచె, భుజాన కొత్త టువ్వాలతో ముందు వరసలో కూర్చున్నాడు. నేను తెర పక్క నుంచి చూసి ఒక సంగతి ఆలస్యంగా గ్రహించాను. నేను బాగా నటిస్తే ఆయన ఇంకా నమ్ముతాడు. నటించకపోతే వేషం పోతుంది. తెర లేచేలోగా దీన్ని తేల్చుకోవడానికి నాకున్న సమయం ఒక దగ్గంత. సరే, మొదట బాగా చేద్దాం, చివరి ఒప్పుకోలు ఇంకా బాగా చేద్దాం అనుకుని రంగం మీదికి వెళ్లాను.

నడిచాను. హాలు నవ్వింది. ఇంకో అడుగు వేశాను. హాలు ఊగింది. ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, నా పాదాల వైపే చూస్తున్నాడు. నవ్వులు మరీ ఎక్కువయ్యేసరికి ఆయన లేచి వెనక్కి తిరిగి, "ఏయ్, గమ్మునుండండప్పా! పాయింటు తప్పిపోతాది!" అన్నాడు. ఆ సాయంత్రంలో అంత పెద్ద నవ్వు మళ్లీ రాలేదు. అది నాది కాదు, నాటకంలోదీ కాదు. టెంకాయ లేచింది. పెద్దనాయన కూడా కుర్చీలోంచి సగం లేచాడు. పెద్దమ్మ ఆయన పంచె పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇక చివరి రంగం. నేను మోకాళ్ల మీద పడ్డాను. రైతు వేషగాడి వైపు తిరగాల్సింది పోయి నేరుగా పెద్దనాయన వైపే తిరిగి, గుండె బాదుకుంటూ చెప్పాను: "అబద్ధం సామీ! టెంకాయ అబద్ధం! నాకు నీళ్లూ తెల్దు, నిప్పులూ తెల్దు!" అంతవరకే సారు రాసింది. ఆయన కళ్లల్లో ఏ మార్పూ లేదు. నాకు కంగారెత్తి సొంతంగా అందుకున్నాను. "ముల్లు సామీ! కాలికి పల్లేరుముల్లు గుచ్చుకునె! అందుకే చెయ్యి బిగిసె! ఓ పాజిటివ్ అందరికీ ఉంటాది సామీ!" రైతు వేషగాడు బిత్తరపోయి నా పాదం వైపు చూశాడు. తెర పక్కన సారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. హాల్లోవాళ్లు ఏ ముల్లు, ఎవరి రక్తం అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

తెర పడ్డాక పెద్దనాయన లోపలికొచ్చి నా భుజం తట్టాడు. "శానా బాగుండాదిరా. మొదట్నుంచీ అచ్చం నిజమే. ఆ చివర్లో అబద్ధమని ఏడ్చినావు చూడు, ఆడ మాత్రం యాక్షనని తెలిసిపోయె. నమ్మబుద్ధి కాల్యా."

పక్కనే ఉన్న సారు, నా మొహం చూడకుండా, "నేనూ అదే చెప్దామని వస్తాండా సార్" అన్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకుని, నటనలో నిదానం గురించి మాట్లాడుకుంటూ టీకి వెళ్లారు. పెద్దమ్మ నా వైపు జాలిగా చూసి, "నువ్వు మంచిగ చేసినావు నాయనా. ఆయప్ప చెడిపోయినాడు, అంతే" అంది.

సోమవారం బోరు బండి వచ్చింది. నేనూ వెళ్లాను, నేరం చేసిన చోటికి వెళ్లకుండా ఉండలేక. తీరా చూస్తే రాయి పెట్టిన చోట సరిగ్గా నెత్తిన కరెంటు తీగలు. బండి నిలబడదన్నాడు డ్రైవరు. ఆరడుగులు ఇవతల, తనకు తిప్పుకోవడానికి వీలున్న చోట, ఎవరినీ అడక్కుండా నిలిపేశాడు. టెంకాయ లేదు, చెప్పులు కూడా విప్పలేదు. గొట్టాలు దిగుతుంటే తెల్లటి దుమ్ము లేచి మా అందరికీ పౌడరు కొట్టింది. దిగేకొద్దీ దుమ్మే. పెద్దనాయన టువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పెద్దమ్మ చీనీ చెట్ల వైపు తిరిగి నిలబడింది. నేను నేలను చూస్తూ ఉన్నాను, ఈసారి నటన లేకుండా. చాలాసేపటికి దుమ్ము కాస్తా బురదైంది. బురద నీళ్లయ్యాయి. ఒకటిన్నర ఇంచు, చెట్లు బతకడానికి చాలు.

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. దుమ్ముకే అనుకుంటాను. నేను పరిగెత్తి పెద్దనాయన చేయి పట్టుకున్నాను. "చూస్తివా పెద్దనాయనా! నేను చెప్పింది ఈడ కాదు గదా!"

"నేను చెప్పేదీ అదే గదరా" అన్నాడాయన, తీగల కింద రాయి వైపు దిగులుగా చూస్తూ. "నీ పాయింటులో వేసింటే మూడించులు పడేది."

ఇప్పుడు నేను కర్నూల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకు ఇంటర్వ్యూలలో ఎలా మాట్లాడాలో నేర్పుతున్నాను. తొందరపడొద్దు, ఎదుటివాడిని పలకరించినట్లు చూడు అని చెప్తాను. అది ఎక్కడిదో చెప్పను. తర్వాత చాలా వేషాలు వేశాను, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. కానీ నన్ను పూర్తిగా నమ్మిన ప్రేక్షకుడు ఒక్కడే. ఆయన నమ్మకాన్ని పోగొట్టడానికి నేను చేసినంత నటన ఎక్కడా చేయలేదు.

మొన్న ఊరికి వెళ్తే తీగల కింద ఆ రాయి ఇంకా ఉంది. ఏటా దానికి సున్నం కొడతాడట. కరెంటోళ్లు తీగలు మార్చే రోజు కోసం చూస్తున్నాడట. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చెప్పులు విప్పి, అరచేతిలో ఒక చీనీకాయ పెట్టుకుని, నేలను పలకరిస్తూ రాయి దాకా నడిచాను. కాయ లేవలేదు. (గుండ్రంగా ఉండే కాయ ఎలా లేస్తుందో నేను ఆలోచించలేదు.) పల్లేరుముల్లు మాత్రం దిగింది, అదే ఎడమ పాదంలో. చెట్ల మధ్య నుంచి ఎవరో తొంగి చూసినట్లనిపించింది, తెల్లటి టువ్వాల. నేను కేక వేయలేదు. ఊపిరి బిగబట్టి, మెల్లగా కళ్లు మూసుకున్నాను.