ఎర్ర ప్యాకెట్టు, నీలం ప్యాకెట్టు

తీగ అంటే తీగే, అందులో తేడా ఏముందని అనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఆర్కెస్ట్రా యజమాని ఆ మాట ఎప్పుడూ అనేవాడు. కర్ణాటకలో ఉన్నా తెలుగే మాట్లాడే మా పావగడలో బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు ఆయనది. పెళ్లిళ్లకు, వినాయకుడి పండగకు, జాత్రలకు పాటల కచేరీలు కుదిర్చేవాడు. కన్నడంలో రసమంజరి అంటారు, మేం ఆర్కెస్ట్రా అనేవాళ్లం. గిటారు తీగ తెగిందని వెళితే చేస్తున్న పని మీంచి తల ఎత్తకుండానే, "తీగలో ఏముండాదప్పా, ఈ మోటారు వైరు కట్టుకో, అదీ మోగతాది" అనేవాడు. ఒకసారి పట్టుదలకు పోయి నిజంగానే కట్టాను. అది రాగి. కరెంటు గిటారులో తీగల కింద అయస్కాంతం ఉంటుంది. అది ఇనుమునే పట్టుకుంటుంది, రాగిని పట్టించుకోదు. జనం ముందు ఆ ఒక్క తీగా మూగదై కూర్చుంది. ఇది నేను బడిలో నేర్చుకున్నది కాదు, నాలుగో తరగతితో నా బడి అయిపోయింది. బోండాలు కట్టిచ్చిన కాగితాల మీద తెలుగు చదవడం నేర్చుకున్నాను. తీగల ప్యాకెట్ల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. మిగతాదంతా నలుగురిలో నవ్వులపాలై నేర్చుకున్నాను.

ఆ ఆర్కెస్ట్రాలో గిటార్లు రెండు. ఒకటి నాది, ఒకటి మా బావది. మా అక్క మొగుడు ఆయన. క్యాతగానచెర్లు దగ్గర ఆయన చేనూ నా చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉండేవి. పగలు వేరుశనగ చేలల్లో పని, కచేరీ ఉన్న రోజు సాయంత్రం టెంపో ఎక్కి పోవడం. చేనుగట్టు దగ్గర మాకు ఏనాడూ పేచీ రాలేదు. పేచీ అంతా తీగల దగ్గరే.

తీగలు బెంగళూరు నుంచి రావాలి. కంపెనీల పేర్లు మాకు నోరు తిరిగేవి కావు కాబట్టి ప్యాకెట్టు రంగుతో పిలిచేవాళ్లం. నాది నీలం ప్యాకెట్టు. ఆ తీగలు కొంచెం లావు. వేళ్లు కోసుకుపోతాయి కానీ, మోగితే పందిరి చివర కూర్చున్నవాడికి కూడా ఒక్కొక్క స్వరం విడివిడిగా అందుతుంది. బావది ఎర్ర ప్యాకెట్టు. అవి సన్నం, మెత్తన. ఎర్రవి లేవని నీలంవి ఇస్తే ఆయన వాయించకుండా కూర్చున్న రోజులున్నాయి. ఒకే ఆర్కెస్ట్రాలో ఇద్దరికి రెండు రకాల తీగలేమిటని యజమాని మొత్తుకునేవాడు.

"నీ తీగలు వింటావుంటే రేకుల మీద వాన పడినట్టుండాది బామ్మర్దీ" అనేవాడు బావ.

"నీవి వింటావుంటే దుప్పటి ముసుగేసుకోని పాడినట్టుండాది బావా" అనేవాణ్ణి నేను.

దుప్పటి ముసుగు అని ఊరికే అనలేదు. బావ అరచేతులు ఎప్పుడూ చెమటతో తడిగా ఉండేవి. నా చేతులు కాయలు పీకి పీకి ఎండిన పెళ్లల్లా ఉండేవి కాబట్టి నా తీగలు ఎక్కువకాలం వచ్చేవి. ఆయనవి ఒక్క కచేరీకే నల్లబడేవి. దానికి ఆయన చేసిన వైద్యం మా తాలూకా మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. కచేరీ అవగానే పాత లుంగీ గుడ్డ తీసి, చిన్న సీసాలోంచి శెనక్కాయ నూనె వంచుకుని, తీగ తీగకూ పట్టించేవాడు. మా ఇళ్లలో బండి ఇరుసుకు అదే నూనె, బావి గిలకకు అదే, కుట్టుమిషనుకు అదే. "ఇనుమన్నాక నూనె పెట్టకుంటే ఎట్లప్పా" అనేవాడు. గిటారు తీగ గిలక కాదని, నూనె లావు తీగల మీది చుట్ల మధ్యలోకి దిగి దుమ్మును పట్టుకుంటుందని, గొంతు మూసుకుపోతుందని నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. నూనె తీగలతో టెంపోలో మట్టిరోడ్ల మీద తిరిగేవాళ్లం. ఆ దుమ్ము, ఆ నూనె, ఆయన చెమట కలిసి తీగల మీద ఒక పొరలా పట్టేవి. అప్పుడు వచ్చేది బావ గిటారు గొంతు. బొంగురుగా, లోపల్లోపల మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. విషాదం పాట వస్తే మాత్రం జనం కదలకుండా కూర్చునేవారు. అది ఎర్ర ప్యాకెట్టు గొప్పతనమని ఆయన వాదన. ప్యాకెట్టు గొప్పతనం ఏమీ లేదని నా వాదన.

జాత్రల్లో డోలు, నాదస్వరం, బొమ్మలవాళ్ల బూరలు అన్నీ ఒకేసారి మోగుతుంటే శ్రుతి చేసుకోవడం కుదరదు. అప్పుడు మేం గిటారుకు కొమ్ములా ముందుకొచ్చిన కొయ్య భాగానికి చెవి గట్టిగా ఆనించి తీగ మీటేవాళ్లం. బయటి గోల అంతా పోయి, కొయ్యలోంచి తీగ గొంతు నేరుగా ఎముకలోకి వచ్చేది. బావ అలా కళ్లు మూసుకుని చాలాసేపు ఉండిపోయేవాడు. నిద్రపోయినావా బావా అని నేను ఎకసెక్కం చేసేవాణ్ణి.

తర్వాత పెన్‌డ్రైవులో పాటలు, డీజే పెట్టెలు వచ్చాయి. మమ్మల్ని పిలిచేవాళ్లు లేకుండా పోయారు. ఒక కరువులో నా గిటారు అమ్మేశాను. బావ మాత్రం తనది గోడకు తగిలించి ఉంచుకున్నాడు.

ఆ తర్వాత సోలార్ పార్కు వచ్చింది. చేలు లీజుకు ఇచ్చాం. అద్దె వస్తోంది, అబద్ధం చెప్పను. వానకోసం ఆకాశం చూసే పని తప్పింది. కానీ గట్టు పోయింది. నా చేను ఎక్కడుందో చూపించమంటే కంచె బయట నిలబడి అద్దాల వరసల వైపు వేలు పెట్టి సుమారుగా చూపించాలి. పంట పండించిన మనిషికి ఇంతకన్నా సిగ్గు ఏముంటుంది? బావ కొన్నాళ్లు ఆ అద్దాలు కడిగే పనికి వెళ్లాడు, తన చేను మీది అద్దాలే. తర్వాత ఆయాసం వచ్చి మానేశాడు.

ఆయాసం ముదిరి తుమకూరు తీసుకుపోతే, డాక్టర్లు చూసి ఇంట్లోనే ఉంచుకోమన్నారు. ఆ మాటకు అర్థం మా అందరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. వరండాలో మంచం వేశారు. నేను రోజూ వెళ్లి కూర్చునేవాణ్ణి. ఇంటి మీదుగా పార్కు నుంచి పోయే టవర్ల కరెంటు లైన్లు సన్నగా గుయ్యిమంటూ ఉంటాయి. ఒకనాడు వాటికేసి చూస్తూ అన్నాడు: "అవి ఏ ప్యాకెట్టువంటావు బామ్మర్దీ? ఎర్రదా, నీలందా?"

"అంత గుయ్యిమంటావుండాయంటే నీవే బావా, నూనె పెట్టిండారు" అన్నాను. నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక అసలు మాట చెప్పాడు.

"గోడకుండే గిటారు దించు. తీగలు తుప్పు పట్టిపోయినాయి. ఎర్రవి తెచ్చి కట్టు. దాని గొంతు ఒక్కసారి ఇని పోతాను. నా వేళ్లు వాచినాయి, నువ్వే వాయించల్ల."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. పావగడ అంతా తిరిగాను. ఒకప్పుడు హార్మోనియంలు, డోళ్లు అమ్మిన షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ఎర్ర ప్యాకెట్టు అంటే ఏ సిగరెట్టు అని అడిగాడు అక్కడి మనిషి. చివరికి బావ కోడలు, పార్కులో గడ్డి కోసే పనికి వెళ్లే అమ్మాయి, ఫోనులో వెతికింది. ప్యాకెట్ల బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించింది. ఎర్రది కనిపించగానే గుర్తుపట్టాను. అక్షరాలు కూడబలుక్కుని చూసుకున్నాను. అదే కంపెనీ, అదే లావు. తెప్పించింది.

ప్యాకెట్టు వచ్చిన రోజు బావ ముఖం కడుక్కుని, శుభ్రమైన చొక్కా వేయించుకుని కూర్చున్నాడు. నేను ఆయన ఎదురుగానే పాత తీగలు విప్పి కొత్తవి కట్టాను. ఆంప్లిఫయర్ స్పీకరు కాగితాన్ని ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. అది అవసరం లేదన్నాడు. గిటారు ఒళ్లోకి తీసుకుని, వెనకటిలాగే కొమ్ముకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను పక్కన కూర్చుని, చెయ్యి చాచి ఒక్కొక్క తీగే మీటాను.

తల ఎత్తాడు. "ఇది నాది కాదప్పా. నీ నీలంది కట్టినావు."

ప్యాకెట్టు చేతికిచ్చాను. తిప్పి చూసి, పక్కన పెట్టేశాడు. "ప్యాకెట్టు ఎర్రదే. తీగ నీది. రేకుల మీద వాన."

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఎలా చెప్పను. పావగడ అంతా తిరిగి వెతికింది నేను, కళ్లెదుట కట్టింది నేను. చావు మంచం మీద కూడా ఈయన ఒప్పుకోడు కదా అనుకున్నాను. లేచి పెరట్లోకి వెళ్లాను. అక్క అక్కడ పొయ్యి దగ్గర ఉంది. ఆమె చేతిలో నూనె ప్యాకెట్టు చూశాక గాని నాకు వెలగలేదు. కంపెనీ మారలేదు. లావు మారలేదు. కొత్త తీగ కొత్త తీగలా మోగింది, అంతే. బావ అడిగిన గొంతు ఏనాడూ ఏ ప్యాకెట్టులోనూ లేదు.

"అక్కా, శెనక్కాయ నూనె రవ్వంత ఇయ్యి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "యాడిదిరా? చేను అద్దాల కింద ఉండాది, శెనక్కాయ యాడ్నుంచి వస్తాది? ఇది అంగడి నూనె, ఏం నూనో నాకే తెల్దు."

ఒకప్పుడు ఆ ఇంట్లో ఆ నూనె డబ్బాలు డబ్బాలుగా ఉండేది. మాకు మేమే పండించి గానుగకు పట్టించుకునేవాళ్లం. తాలూకాలో ఆ నూనె కోసం తిరగాల్సిన రోజు నాకే వస్తుందని ఎవరైనా అని ఉంటే వాణ్ణి పిచ్చివాడనేవాణ్ణి. మంగళవాడలో ఇంకా వేరుశనగ వేసే దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడు. బస్సెక్కి వెళ్లాను. గానుగ నూనె ఒక సీసా ఇస్తూ, వంటకా, తలకా అని అడిగాడు. గిటారుకని చెప్పే ఓపిక లేక వంటకే అన్నాను.

తిరిగి వచ్చేసరికి బావ పడుకుని ఉన్నాడు. సీసా మూత తీయగానే వాసన పట్టాడు. కళ్లు తెరవకుండానే, "తీగలకేనా? దుమ్ము పడతాదంటివి కదప్పా" అన్నాడు.

"పడనీలే బావా."

పాత లుంగీ గుడ్డ అక్క వెతికి ఇచ్చింది. తీగ తీగకూ పట్టించాను. ఇంతకాలం వద్దని తిట్టిన పని నా చేత్తోనే చేశాను. బావను లేపి కూర్చోబెట్టి, కొమ్ము చెవికి ఆనించి మీటాను. ఈసారి చాలాసేపు విన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"దోవ సరిగ్గానే ఉండాది బామ్మర్దీ" అన్నాడు నిదానంగా. "గొంతు రాలా. ఇది పట్టల్లంటే దుమ్ము తినల్ల, చెమట తాగల్ల. ఒక కారన్నా పడతాది."

కారు అంటే విత్తిన దగ్గర్నుంచి కాయలు పీకేదాకా. ఆయనకు అంత వ్యవధి లేదని ఇద్దరికీ తెలుసు. పైన లైన్లు మోగుతున్నాయి.

అయినా నేను మానలేదు. రోజూ సాయంత్రం వెళ్లి, నూనె గుడ్డతో తుడిచి, వాయించేవాణ్ణి. గిటారును లోపల పెట్టనివ్వకుండా వరండాలోనే ఉంచాను, పార్కు రోడ్డు మీద పోయే టిప్పర్ల దుమ్ము పడుతుందని. దుమ్ము కోసం తాపత్రయపడే మనిషిని నన్నే చూసి ఉంటారు ఆ వీధిలో. నా చేతులు పొడివి, చెమట పట్టవు. అందుకని బావ వాచిన చెయ్యి తీసుకెళ్లి తీగల మీద పెట్టేవాణ్ణి. అది అలాగే కాసేపు ఉండేది. వినాలనిపించిన రోజు చెవి ఆనించేవాడు. "ఇంకా లేదు" అనేవాడు. తర్వాత తర్వాత ఆ మాట కూడా తల ఊపడంతో సరిపెట్టాడు.

దసరా దాకా ఉండలేదు. పోయిన రోజు గిటారు వరండాలో మంచం పక్కనే ఉంది. వచ్చినవాళ్లలో ఒకడు, తెలిసినవాడే, ముసలాయన ఆట సామాను పక్కన పెట్టుకుని పోయినాడే అన్నాడు. వాణ్ణి కొట్టబోయాను. నలుగురూ పట్టుకున్నారు.

దినాలయ్యాక అక్క గిటారు నాకు ఇచ్చింది. మా ఇంట్లో గోడకు తగిలించలేదు, వాకిట్లోనే పెట్టుకున్నాను. నూనె అయిపోతే మంగళవాడ వెళ్లి తెచ్చుకుంటున్నాను. మొన్న వేసవి ముదిరి, ఎన్నడూ లేనిది నా అరచేతులకు కూడా చెమట పట్టిన ఒక మధ్యాహ్నం, కొమ్ముకు చెవి ఆనించి లావు తీగ మీటాను. వచ్చింది. అదే బొంగురు, అదే లోపల్లోపలి మాట. వినాల్సిన మనిషి పోయాక వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక మళ్లీ మళ్లీ అదే తీగ మీటాను.

ఈమధ్య బావ కోడలు వచ్చినప్పుడు తీగలు చూసి ముఖం చిట్లించింది. "నల్లగా జిడ్డు పట్టినాయి మామా. ఫోనులో నీలంవి ఉండాయి, నీకు ఇష్టమైనవేనంట కదా, తెప్పియ్యల్లనా?"

వద్దన్నాను. గిటారు తీగకు నూనె పెట్టడం తప్పే. అది దాని గొంతు నొక్కేస్తుంది. బావతో అప్పుడు అదే చెప్పాను, ఎవరైనా అడిగితే ఇప్పుడూ అదే చెబుతాను. ఆ అమ్మాయికి అదంతా వివరంగా చెబుతూనే, గుడ్డకు నూనె వంచుకుని తుడుస్తూ కూర్చున్నాను.