చిన్నమ్మకు పట్టిన దయ్యం

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను సినిమాకు లాక్కెళ్లింది. అందులో చచ్చిపోయిన మొగుడు దయ్యమై తిరిగొచ్చి పెళ్లాం పక్కన కూర్చుంటాడు. ఆమె వాడి భుజం మీద తలపెట్టి పాట పాడుతుంది. హాలంతా ముక్కులు చీదుతోంది. "కితీ గోడ్ నా, ఆజీ!" అని మరాఠీలో అంటూ మనవరాలు కళ్లు తుడుచుకుంది. ఎంత ముద్దుగా ఉందో అట! తెలుగులో ఏడవడం కూడా రాదు ఈ పిల్లకు. నాకు ఒళ్లు మండిపోయింది. పాప్‌కార్న్ దాని ఒళ్లో పడేసి, ఇంటర్వెల్‌లోనే లేచి వచ్చేశాను.

దయ్యం ప్రేమ ఎలా ఉంటుందో కామాటిపురాలో గదికో సంసారం ఉండే చాల్‌లో పెరిగిన నన్నడగాలి. మా చిన్నాయన కడుతున్న మేడ మీదినుంచి పడి చచ్చిపోయినప్పుడు చిన్నమ్మకు ఇరవై ఏళ్లు. ధారావిలో పుట్టి మరాఠీ బడిలో చదువుకున్న పిల్ల. మా నాయనమ్మది పాలమూరు. ఫోరస్ రోడ్డు దాటితే ఆమెకు పరదేశమే, మరాఠీ ముక్క రాదు. చావింటికి వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి తిన్నారు గానీ, మూల కూర్చోబెట్టిన చిన్నమ్మ తిన్నదా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కొడుకు పోయిన అత్తను అన్నం పెట్టమనడానికి నోరెలా వస్తుంది? అందుకే అత్తకు అర్థం కాకూడదని, పక్కగది మరాఠీ ఆమెతో మెల్లగా మరాఠీలో చెప్పింది. "మలా భూక్ లాగ్లీ." నాకు ఆకలేస్తోందని. నాయనమ్మ చెవికి అది 'భూత్ లాగ్లీ' అని వినిపించింది. భూతం పట్టిందని!

ఇంకేముంది, "నా కొడుకే పట్టిండు దీన్ని, ఇడిసి పోతలేడు" అని గుండెలు బాదుకుంది. ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి ఒక భూతవైద్యుణ్ని పట్టుకొచ్చారు. వాడు చిన్నమ్మను వేపమండలతో బాది, "తిండి పెడితె దయ్యం బలుస్తది. మెతుకు గూడ పెట్టొద్దు" అని చెప్పి పోయాడు. వాడి నోట్లో మన్నుపడ! చిన్నాయన దయ్యమై వచ్చిన మాటే నిజమైతే, ముందు వాళ్లమ్మను నాలుగు తిట్టి పెళ్లానికి ఇంత అన్నం పెట్టించేవాడు. పక్కగది ఆమె భాకరి, అదే జొన్నరొట్టె, తెస్తే, నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. నేనప్పుడు ఆరో తరగతి, మరాఠీ బడే. "భూత్ గాదు నాయనమ్మా, భూక్! ఆకలయితుందట" అన్నాను. "నోర్ముయ్యవే, నీక్గూడ అంటుకుంటది" అని చెంప మీద ఒక్కటిచ్చింది. నేను మళ్లీ చెప్పలేదు. నాయనమ్మ మీద కోపం ఆమెతోనే పోయింది. మళ్లీ చెప్పని నా మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.

మూడో రోజు పక్కగది ఆమె నాయనమ్మను నెట్టుకుని లోపలికి వచ్చేసింది. చిన్నమ్మ రెండు భాకరీలు ఉల్లిపాయతో, పొలమారుతున్నా ఆగకుండా తిని, గోడకు ఆనుకుని నిద్రపోయింది. దయ్యం వదిలిందన్నారు. తన మంత్రమే పారిందని భూతవైద్యుడు వచ్చి దక్షిణ కింద ఒక కోడిని కూడా పట్టుకుపోయాడు, సిగ్గులేని వెధవ.

ఏళ్లు గడిస్తే అన్నీ మరుపున పడతాయంటారు. చిన్నమ్మ ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికింది, మా అందరికీ వండిపెట్టింది. ఆ ముప్పై ఏళ్లలో ఒక్కనాడైనా, ఏ భాషలోనూ, ఆకలేస్తోందని ఎవరితోనూ అనలేదు.