హార్మోనియం ఆగిన చోట

నాందేడ్‌లో నేను మూకీ సినిమా డేరా నడిపేవాణ్ణి. మా హార్మోనియం మాస్టారు నవ్వుల బొమ్మకు వాయిస్తూ, తెర మీద లావుపాటి మొగుడు జారిపడగానే చేతులు ఆపేసేవారు. ఆట చెడగొట్టమని అవతలి డేరావాడు నేర్పాడేమోనని నాకు అనుమానం. ఆ బొమ్మకు కొనసాగింపుగా రెండో భాగం రాగానే, ముద్ఖేడ్‌లో ఆయన ఇంటికి వెళ్లి అడిగేశాను.

"నడుమల ఆపుమని నీకెవలు చెప్పిండ్రు, మాస్టర్?"

"ఎవలు చెప్తరు సేఠ్? పక్కోని నవ్వు ఇంటెనే ఇంకోనికి నవ్వస్తది. గందుకే ఆపుతున్న."

నమ్మలేదు. ఆపకుండా వాయిస్తేనే రమ్మన్నాను.

"గట్లయితే నేనొచ్చి ఏం ఫాయిదా?" అన్నారు.

అయినా ఆ బొమ్మ మీది ఇష్టంతో వచ్చారు, నేను చెప్పినట్టే వాయించారు. అక్కడొకరు ఇక్కడొకరు నవ్వినా ఆ నవ్వు వాయింపులో కలిసిపోయింది. మొదటి భాగానికి గొల్లుమన్న డేరా ఈసారి నవ్వలేదు.

రెండో భాగానికల్లా మాస్టారి చేతిలో పస పోయిందని ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఆయన చెయ్యి బాగానే ఉంది. ఆపొద్దన్నది నేను.