అమ్మ కడుపులో విస్తరి పుల్ల

మా చిన్నప్పుడు అమ్మకి విడిగా విస్తరి వేసేవారు కాదు... నాన్న తిని లేచాక ఆ ఆకులోనే కూర్చుని తినేది. మా ఇంట్లోనే అనుకోకండి, మా వీధి వీధంతా అంతే. ఎవరూ చెప్పేవారు కాదు, ఎవరూ అడిగేవారు కాదు.

శ్రీకూర్మం దగ్గర మాకు పచారీ కొట్టు ఉండేది. అప్పటికింకా స్వతంత్రం రాలేదు. కొండల మీంచి సంతకొచ్చే అడ్డాకులు కట్టలకి కట్టలు కొనేవాళ్లం. భోజనాలయ్యాక నాయనమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని, సన్నగా చీల్చిన వెదురు పుల్లలతో వాటిని విస్తళ్లు కుట్టేది. ఆవిడ కుట్టిన ఆకులో చారు పోసినా చుక్క కారేది కాదు. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పేది.

ఓ రోజు చంటి తమ్ముడు ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మ, నాన్న తిన్న ఆకులో మజ్జిగన్నం కలుపుకుని, నమిలిందో లేదో, గబగబా మింగేసి లేచిపోయింది.

కొన్నాళ్లకి కడుపునొప్పి మొదలైంది. ముందు బొడ్డు చుట్టూ, తర్వాత కుడిపక్క కిందికి దిగింది.

"బొడ్డు జారిపోనాది. ఇంకేటి నేదు" అని నాయనమ్మ తేల్చేసింది.

బొడ్డు పట్టే ఆవిణ్ణి పిలిపించారు. ఆవిడ ఆముదం రాసి, పొట్టంతా పిసికింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నొప్పి తగ్గలేదు సరికదా, వాంతులు, జ్వరం పట్టుకున్నాయి. కడుపు శుభ్రపడుతుందని ఆముదం తాగించారు కూడా... అదృష్టం బాగుండి అమ్మ దాన్ని వెంటనే కక్కేసింది. అందరూ ప్రేమగానే చేశారు. ఆ ప్రేమతోనే చంపేసేవారు.

నాన్న బండి కట్టించాడు. నాయనమ్మ కూడా ఎక్కింది. శ్రీకాకుళం దాకా గతుకులే. బండి ఎగిరినప్పుడల్లా అమ్మ మూలిగేది. నేను తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. పాలు తాగే పిల్లాడి గతేమిటని పెద్దవాళ్లంతా బెంగపడ్డారు. నాకు మాత్రం... అమ్మ పోతే నా గతేమిటన్నదే బెంగ.

అప్పుడు స్కానింగులెక్కడివి? చెయ్యే పరీక్ష. డాక్టరుగారు అమ్మ పొట్ట మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కి, చటుక్కున తీసేశారు. నొక్కినప్పుడు మూలిగిన అమ్మ, తీసినప్పుడు కేక పెట్టింది. ఆయన మొహం మారిపోయింది.

"చేప ముల్లేమైనా మింగిందా?" అని అడిగారు. మాది సముద్రం పక్క ఊరు కదా, అలాంటి కేసులు వస్తుంటాయట.

అంత ఆపదలోనూ నాన్నకి పౌరుషం పొడుచుకొచ్చింది. "సేపలా! మా ఇంటా వంటా నేదు బాబూ. మేం షావుకార్లం!"

"అయితే అపెండిసైటిస్ కావచ్చు. ఏదైనా సరే, లోపల చీము పట్టింది, కోసి చూడాల్సిందే. పొట్ట పిసికారా?"

నాయనమ్మ తల దించుకుంది.

"ఇంకెవరూ ముట్టుకోకండి. చుక్క నీళ్లు కూడా పట్టొద్దు."

అమ్మ నీళ్లు, నీళ్లు అని అడుగుతూనే ఉంది. నాయనమ్మ తడిగుడ్డతో పెదాలు మాత్రం తడిపింది.

మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. తర్వాత డాక్టరుగారు ఓ పింగాణీ గిన్నె పట్టుకుని బయటికొచ్చారు. అందులో చిటికెనవేలంత పొడుగు పుల్ల. అపెండిక్సు బాగానే ఉందట. ఈ పుల్లే పేగుకి చిల్లు పెట్టి అవతలికి పొడుచుకొచ్చిందట. కడుపులోని కొవ్వు పొర దాన్ని చుట్టుకుని చీముని ఒక్కచోటే ఆపిందట, లేకపోతే ఈపాటికి కడుపంతా పాకేసేదట. చీము కడిగి, చిల్లు కుట్టి, సల్ఫా మందు పొడి చల్లామని చెప్పారు.

"ఇదేమిటో తెలుసా?"

నాన్న చూస్తూనే గుర్తుపట్టాడు. "ఇస్తరి పుల్ల బాబూ."

"ఇంత పుల్ల తెలీకుండా ఎలా మింగింది?"

"నాను తిన్న ఆకునోనే తింటాది బాబూ... అప్పటికి ఆకు నానిపోయి, పుల్లలు ఊడొచ్చేస్తాయి కావాల" అన్నాడు నాన్న మెల్లగా.

"మీరు తిన్న ఆకు మీరే తీసి పారెయ్యండి" అన్నారు డాక్టరుగారు. అంతే, లోపలికెళ్లిపోయారు.

అమ్మ బతికింది. చిక్కి సగమై ఇంటికొచ్చింది. చాన్నాళ్లు జావ తాగాక, అన్నం పెట్టొచ్చన్న రోజున నాన్న తన ఆకు పక్కన ఇంకో ఆకు వెయ్యమన్నాడు. అది చూసి అమ్మ బావురుమంది. ఆసుపత్రిలో కుట్లు విప్పినప్పుడు కూడా ఏడవని మనిషి!

"నానేటి తప్పు సేసినానని నన్ను ఏరు సేసేసినారు?"

"ఏటే ఆ మాటలు? రా, ఇలా నా పక్కన కూకో. నువ్వు తినకపోతే నానూ తినను."

మాకందరికీ నాయనమ్మ ఏమంటుందోనని భయం. ఆవిడ ఆ విస్తరిని తిప్పి తిప్పి, పుల్ల పుల్లా తడిమి చూసి, అమ్మ ముందు పరిచింది. తనే అన్నం వడ్డించింది.

అమ్మ అన్నంలో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. "అమ్మో, కాలతన్నాది!" అంది.

మేం పకపకా నవ్వాం. అమ్మ వేడన్నం తినడం మేం చూసింది అదే మొదటిసారి. ఆ సంగతి అర్థం కావడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు విస్తళ్లు మిషన్ మీద నొక్కేస్తున్నారు, పుల్లల గొడవే లేదు... ఎవరి కంచం వాళ్లది. కానీ మా కోడలు ఇవాళ కూడా అందరికీ పెట్టి ఆఖరికి కూర్చుంది.

మీ అమ్మ తింటుండగా మీరెప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? గుర్తుంటే రాయండి... గుర్తులేకపోతే అదే రాయండి.